కరాటే, బాక్సింగ్ లాంటివి ఎక్సర్‌సైజ్ కోసం మొదలుపెట్టాలంటే: జిమ్, రన్నింగ్‌తో పోల్చి చూసుకుని ప్లాన్ చేసుకోవడం ఎలా

ముప్పై అయిదు దాటాక పొట్ట వచ్చిందనో, డాక్టర్ గారు షుగర్ బోర్డర్‌లో ఉందన్నారనో జిమ్‌కి ఏడాది డబ్బులు ఒకేసారి కట్టేసి, మూడో నెల నుంచి అటు వైపు వెళ్ళడమే మానేసినవాళ్ళు చాలామంది "పోనీ కరాటేనో కిక్‌బాక్సింగో చేస్తే ఎలా ఉంటుంది" అని అడుగుతుంటారు. బాగుంటుంది, నిస్సంకోచంగా చెయ్యండి. కాకపోతే ఒక్క విషయం ముందే తెలిసుండాలి, గంట క్లాస్‌కి వెళ్తే గంట ఎక్సర్‌సైజ్ చేసినట్టు కాదు. రన్నింగ్‌లో ఆగితే ఆగానని మీకే తెలిసిపోతుంది. మార్షల్ ఆర్ట్స్ క్లాస్‌లో అలా కాదు, లైన్‌లో వంతు కోసం నిలబడ్డ టైమూ, మాస్టర్ గారు చూపిస్తుంటే నడుం మీద చేతులు పెట్టుకుని చూసిన టైమూ అన్నీ కలిసిపోయి ఇంటికొచ్చేసరికి "ఇవాళ గంట చేశా" అనిపిస్తుంది, ఆ ధైర్యంతో ఇంకో రెండు పూరీలు లాగించేస్తాం. అందుకే ఈ కింద చెప్పేదంతా ఒకే లెక్క చుట్టూ తిరుగుతుంది: నిజంగా ఎన్ని నిమిషాలు కదిలారు.

స్టెప్ 1: కేలరీల లెక్క ముందే చూసుకోండి

వ్యాయామాల్ని పోల్చడానికి మెట్ అని ఒక కొలత ఉంది. ఊరికే కూర్చుంటే 1 మెట్, ఏ పనికైనా దానికి ఎన్ని రెట్లు శక్తి ఖర్చవుతోందో అదే దాని మెట్. మీ బరువు కిలోల్లో, మెట్, గంటలు, ఈ మూడూ గుణించేస్తే కేలరీలు సుమారుగా వచ్చేస్తాయి, ఫోన్‌లో కాలిక్యులేటర్ చాలు, వేరే యాప్ అక్కర్లేదు. ఏ పనికి ఎన్ని మెట్ అని రాసి పెట్టిన, పరిశోధనలు చేసేవాళ్ళు వాడే కాంపెండియం లిస్ట్ 2011 లెక్కల ప్రకారం మామూలు నడక 3.5, గంటకి 8 కిలోమీటర్ల స్పీడులో జాగింగ్ 8.3, సరదాగా ఆడే బ్యాడ్మింటన్ 5.5, హఠయోగ 2.5, జిమ్‌లో మామూలు సెట్లు 3.5, గట్టిగా బరువులు ఎత్తితే 6, పంచింగ్ బ్యాగ్ కొడితే 5.5. కరాటే, జూడో, తైక్వాండో, కిక్‌బాక్సింగ్, ముయే థాయ్ (థాయ్‌లాండ్ బాక్సింగ్) అన్నిటినీ ఒకే వరసలో పెట్టి 10.3 ఇచ్చారు.

ఈ 10.3 చూసే జనం ఎగిరి గంతేస్తారు, 70 కిలోల మనిషికి గంటకి 720 కేలరీలు కదా అని. కానీ అదే లిస్ట్‌లో ఇంకో లైన్ కూడా ఉంది, కొత్తగా నేర్చుకునేవాళ్ళు నెమ్మదిగా చేస్తే 5.3. అంటే సగం, 370 దగ్గర. మొదట్లో కొన్ని నెలలు మనందరం ఆ లైన్‌లోనే ఉంటాం.

ఇంకో రకంగా లెక్కేద్దాం. గంట క్లాస్‌లో 25 నిమిషాలు 10.3 మెట్ లెక్కన బాగా కదిలారు, మిగతా 35 నిమిషాలు నిలబడ్డం, వినడం, నెమ్మదిగా అటూ ఇటూ తిరగడం, దానికి 2 మెట్ వేసుకుందాం. మొత్తం కలిపితే 380 చిల్లర వస్తుంది. అదే మనిషి 40 నిమిషాలు జాగింగ్ చేసొస్తే కూడా దాదాపు అంతే. కాబట్టి కేలరీలు కరగడం ఒక్కటే కావాలంటే రన్నింగే నయం, ఫీజు లేదు, యూనిఫాం లేదు, ఇంటి గుమ్మం దగ్గరే మొదలు. ఈ ముక్క మార్షల్ ఆర్ట్స్ సెంటర్ల ఫ్లెక్సీల మీద కనపడదు లెండి.

స్టెప్ 2: మీకేం కావాలో, ఇందులో ఏం రాదో తేల్చుకోండి

మరి ఎందుకు చెయ్యాలి అంటే, రన్నింగ్‌లో రానివి ఇందులో చాలా ఉన్నాయి. ఒంటికాలి మీద నిలబడి ఇంకో కాలు నడుం ఎత్తుకి లేపడం, వెనక్కి, పక్కకి అడుగులేస్తూ దిశ మార్చడం, ఎదుటివాడి భుజం కదలగానే మీ చెయ్యి లేవడం, కింద పడితే దెబ్బ తగలకుండా పడటం, ఇవన్నీ ట్రెడ్‌మిల్ మీద ఎన్నేళ్ళు పరిగెత్తినా రావు. పరుగు ఎప్పుడూ ముందుకే, ఒకటే కదలిక, వేల సార్లు. ఇంకో పెద్ద తేడా బోర్ కొట్టకపోవడం. జిమ్‌లో ఇవాళ చేసిందే రేపూ చెయ్యాలి, ఇక్కడ ఈ వారం రౌండ్‌హౌస్ కిక్‌లో (పక్క నుంచి కాలు తిప్పి కొట్టేది) మడమ తిరగలేదు, వచ్చే వారం తిరగాలి అనే ఒక చిన్న పని మిగిలి ఉంటుంది, అది లాక్కెళ్తుంది మనిషిని. నా దృష్టిలో దీనికి ఉన్న అసలు బలం కేలరీలు కాదు, ఇదే. సగం కేలరీలు కరిగినా రెండేళ్ళు ఆపకుండా వెళ్ళే క్లాసు, రెండు నెలలు మాత్రమే వెళ్ళే జిమ్ కన్నా మేలే కదా.

ఇక రానివి. కండ బలం కొంతవరకే పెరుగుతుంది, ఎందుకంటే బలం పెరగాలంటే బరువు కొంచెం కొంచెంగా పెంచుతూ పోవాలి, పంచ్ విసిరేటప్పుడు ఎత్తే బరువు ఎప్పుడూ మీ చెయ్యే. పైగా కరాటే, బాక్సింగ్ లాంటి వాటిలో అన్నీ తోసే కదలికలే, లాగే కదలికలు చాలా తక్కువ, ఆర్నెల్లు అవే చేస్తే ఛాతీ బిగిసి భుజాలు ముందుకి వంగిపోవచ్చు, రోజంతా ల్యాప్‌టాప్ ముందు కూర్చునేవాళ్ళకి ఇది అసలే మంచిది కాదు. జూడో, కుస్తీలో ఈ బాధ లేదు, అందులో లాగే పని చాలా ఉంటుంది.

మన పాత తాలింఖానాల్లో, అంటే కుస్తీ నేర్పే వ్యాయామశాలల్లో, ఇది ఎవరూ విడిగా చెప్పక్కర్లేకుండానే ఉండేది. గోదాలో కుస్తీ ఒక పక్క, దండీలు, బస్కీలు (కూర్చుని లేవడం), గద తిప్పడం, సంగిడీలు అనే బరువులు ఎత్తడం ఇంకో పక్క. పోరు ఒక్కటే చేస్తే సరిపోతుందని ఏ పహిల్వానూ అనుకోలేదు. ఇప్పటి బాక్సర్లు కూడా పొద్దున్నే రోడ్ మీద పరిగెత్తుతారు, వారంలో కొన్ని రోజులు బరువులు ఎత్తుతారు. 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో వరల్డ్ ఛాంపియన్ అయిన మన నిజామాబాద్ నిఖత్ జరీన్ కూడా బాక్సింగ్‌లోకి వచ్చింది పరుగు నుంచే. కాబట్టి జిమ్మా కరాటేనా అని ఏదో ఒకటే ఎంచుకోవాలన్న పట్టింపు పెట్టుకోకండి.

స్టెప్ 3: ఒంటి పరిస్థితి చూసుకోండి

బీపీ, గుండె జబ్బు, షుగర్‌కి ఇన్సులిన్, పాత మోకాలి ఆపరేషన్, డిస్క్ ప్రాబ్లం, కంట్లో రెటీనా సమస్య, వీటిలో ఏది ఉన్నా ముందు డాక్టర్‌ని అడగండి. అడిగేటప్పుడు "ఎక్సర్‌సైజ్ చెయ్యొచ్చా" అంటే చెయ్యండి అనేస్తారు, అలా కాకుండా "దూకడం, కింద పడటం, ముఖానికి దెబ్బ తగిలే అవకాశం ఉంటుంది, పర్లేదా" అని విడివిడిగా అడగండి. ప్రెగ్నెన్సీలో ఉన్నవాళ్ళు పడటం, దెబ్బలు ఉండేవి పూర్తిగా పక్కన పెట్టేయండి. 40 దాటి ఇన్నాళ్ళూ అసలేం చెయ్యకుండా ఉన్నవాళ్ళు నెల రోజులు నడక అలవాటు చేసుకున్నాకే క్లాస్‌లో అడుగు పెట్టండి.

స్టెప్ 4: ఏది నేర్చుకోవాలో ఎంచుకోండి

ఇక్కడ చాలామంది యూట్యూబ్‌లో చూసి ఏది స్టైల్‌గా ఉంటే అది ఎంచుకుంటారు. అలా కాకుండా మీ మోకాళ్ళు, మీ దమ్ము, మీ ఊళ్ళో దొరికేది, ఈ మూడూ చూసుకోండి.

బాక్సింగ్, కిక్‌బాక్సింగ్, ముయే థాయ్: ఎక్సర్‌సైజ్ లెక్కలో వీటిదే పైచేయి, కారణం రౌండ్లు. బాక్సింగ్‌లో 3 నిమిషాలు పని, 1 నిమిషం రెస్ట్, క్లాస్ కూడా ఎక్కువగా ఆ రౌండ్ బెల్‌కి తగ్గట్టే నడుస్తుంది కాబట్టి ఊరికే నిలబడే టైమ్ తక్కువ. మోకాళ్ళు బాగాలేకపోతే కిక్‌లు లేని బాక్సింగ్ తీసుకోండి. ముయే థాయ్‌లో మోచేతులు, మోకాళ్ళు, మెడ పట్టుకుని లాగే క్లించ్ కూడా ఉంటాయి, ఒళ్ళంతా పనిచేస్తుంది, మోకాలి కింద ముందు ఎముక మాత్రం మొదట్లో కమిలిపోతుంది.

కరాటే, తైక్వాండో: ప్రతి టౌన్‌లో దొరికేవి ఇవే, స్కూల్ గ్రౌండ్‌లోనో కమ్యూనిటీ హాల్లోనో సాయంత్రం పూట జరుగుతుంటాయి. కటాలు, అంటే ఒక వరసలో గాల్లో చేసే అడుగులూ దెబ్బలూ, బ్యాలెన్స్‌కీ, తొడలకీ, ఏకాగ్రతకీ చాలా మంచివి, మోకాళ్ళు వంచి కిందకి నిలబడి ఒక కటా ఒళ్ళు దాచుకోకుండా చేస్తే తొడలు వణుకుతాయి. కానీ ఒక కటా నిమిషంలోపే అయిపోతుంది, దానికి ముందు వెనక సర్దుకోవడానికే నాలుగు నిమిషాలు పోతాయి. తైక్వాండోలో ఎత్తు కిక్‌లు ఎక్కువ, తొడ వెనక కండరం బిగుతుగా ఉన్నవాళ్ళకి తొందరపడితే పట్టేస్తుంది. ఇంకో సంగతి, మన దగ్గర ఈ క్లాసులు ఎక్కువగా పిల్లల కోసం పెట్టినవి, నలభై ఏళ్ళ మనిషి పదేళ్ళ పిల్లల మధ్యలో తెల్ల బెల్ట్ కట్టుకుని నిలబడితే మొదటి వారం కాస్త ఇబ్బందిగానే ఉంటుంది. పెద్దవాళ్ళ బ్యాచ్ వేరే ఉందేమో అడగండి, లేకపోతే సిగ్గు పడటం మానెయ్యండి, పిల్లలకి రెండో రోజు నుంచి మీరు మామూలే.

జూడో, జియు జిట్సు, కుస్తీ: బలం, పట్టు, ఊపిరి మూడూ ఒకేసారి తీసేస్తాయి. ఒక మనిషిని పట్టుకుని అయిదు నిమిషాలు గుంజులాడితే అరగంట పరిగెత్తినంత ఆయాసం వస్తుంది. జూడోని 1882లో మొదలుపెట్టిన జిగోరో కానో స్వతహాగా టీచర్, ప్రమాదకరమైన పట్లని పక్కన పెట్టి విద్యార్థులు పూర్తి బలంతో ప్రాక్టీస్ చేసుకునేలా మార్చాడు, శారీరక విద్య అనే ఉద్దేశం అందులో మొదటి నుంచీ ఉంది. ఇందులో నేర్పే మొదటి పాఠం పడటం: గడ్డం ఛాతీకి ఆనించి, నడుం గుండ్రంగా వంచి, చెయ్యి ఒంటికి కాస్త దూరంగా నేలకేసి కొట్టడం. ఈ ఒక్కటి వచ్చినా బాత్రూంలో జారినప్పుడు తల కాపాడుకునే అవకాశం పెరుగుతుంది. భుజం, మోకాలు, వేళ్ళ బెణుకులు మాత్రం ఇందులో ఎక్కువ. మంచి మ్యాట్ లేని చోట చెయ్యకండి. కుస్తీ అయితే హైదరాబాద్ బార్కస్ వైపు ఇంకా గట్టిగానే ఉంది, కానీ ఆఫీస్ నుంచి సాయంత్రం వచ్చి సరదాగా చేసే వ్యవహారం కాదది.

కర్రసాము: దసరాకీ, పీర్ల పండక్కీ ఊరేగింపుల్లో చూసే ఉంటారు. నేర్పేవాళ్ళు దొరికితే వదలొద్దు, మణికట్టు, ముంజేయి, భుజాలు, అడుగులు అన్నీ కలిసి పనిచేస్తాయి, ఎదుటి మనిషితో కొట్టుకునే పని లేదు, ఖర్చల్లా ఒక కర్ర.

తాయ్ చీ: 60 దాటిన అమ్మానాన్నల కోసం అయితే ఇది. 3 మెట్ అంటే నడక కన్నా తక్కువే గానీ పెద్దవాళ్ళు తూలి పడటాన్ని తగ్గిస్తుందని చాలా పరిశోధనల్లో తేలిన వ్యాయామం.

జిమ్‌లో పాటలు పెట్టి చేయించే కార్డియో కిక్‌బాక్సింగ్ గురించి కూడా అడుగుతారు. నిమిషాల లెక్కలో అదే ఫస్ట్, ఆగేదే ఉండదు. నేర్చుకునేది మాత్రం ఏమీ ఉండదు, తప్పు పంచ్ తప్పుగానే వెయ్యి సార్లు వేస్తారు, మోచేయి ఒక్కసారిగా లాక్ అయి నొప్పి మొదలవుతుంది. అలా చెయ్యాలనుకుంటే గాల్లో పంచ్ వేసేటప్పుడు చెయ్యి పూర్తిగా చాపకండి, ఆఖర్లో కొంచెం వంపు ఉంచండి.

స్టెప్ 5: చేరకముందు ఒక క్లాస్ ఫోన్ పట్టుకుని చూడండి

ఇదే అన్నిటికన్నా ముఖ్యమైన స్టెప్, దయచేసి వదిలెయ్యకండి. ట్రయల్ క్లాస్ అడిగితే చాలావరకు ఇస్తారు. ముందు రోజు వెళ్ళి పక్కన కూర్చుని, మీ వయసున్న ఒక స్టూడెంట్‌ని మనసులో ఎంచుకుని, ఫోన్‌లో స్టాప్‌వాచ్ ఆన్ చెయ్యండి. ఆ మనిషి కదిలినప్పుడు స్టార్ట్, ఆగినప్పుడు స్టాప్. క్లాస్ అయ్యాక ఎంత వచ్చిందో చూడండి. గంటకి 25 నుంచి 35 నిమిషాలు వస్తే మంచి క్లాస్. 15 దాటకపోతే అది విద్యగా మంచిదై ఉండొచ్చు, ఎక్సర్‌సైజ్‌గా కాదు.

ఈ 25 నిమిషాలకి ఒక లెక్క ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన ప్రకారం పెద్దవాళ్ళకి వారానికి 150 నుంచి 300 నిమిషాలు మధ్యస్థంగా, లేదా 75 నుంచి 150 నిమిషాలు గట్టిగా ఎక్సర్‌సైజ్ ఉండాలి, దాంతోపాటు కండరాలకి పని చెప్పేవి వారంలో కనీసం 2 రోజులు. వారానికి మూడు క్లాసులు, ఒక్కో దాంట్లో 25 నిమిషాలు గట్టిగా కదిలితే 75 అయిపోయింది, కనీస కోటా అక్కడికక్కడే పూర్తి. 15 నిమిషాల క్లాస్ అయితే 45 మాత్రమే, మిగిలిన 30కి బదులు ఒక గంట చురుకైన నడక వారంలో ఎక్కడో చోట కలుపుకోవాలి. గట్టి నిమిషం ఒకటి మధ్యస్థం రెండు నిమిషాలతో సమానం అని గుర్తుంచుకుంటే చాలు.

స్టాప్‌వాచ్‌తో పాటు ఇంకొన్ని చూడండి. కొత్తవాళ్ళని మొదటి రోజే స్పారింగ్‌లోకి (ఎదురుగా మనిషితో ప్రాక్టీస్ పోరు) తోసేస్తున్నారా? అయితే లేచి వచ్చెయ్యండి. వార్మప్ పది నిమిషాలైనా ఉందా? ఎవరికైనా నొప్పి అంటే మాస్టర్ గారు ఆపి చూస్తున్నారా, "ఏం కాదు చెయ్" అంటున్నారా? కింద ఉత్త టైల్స్, సిమెంట్ అయితే దూకే కిక్‌లు, పడటాలు ఉండే క్లాస్ వద్దు. ఫీజు మాట్లాడేటప్పుడు బెల్ట్ టెస్ట్ ఫీజు, యూనిఫాం, మెంబర్‌షిప్ అన్నీ విడివిడిగా ఎంతో అడగండి, నెల ఫీజు తక్కువ చెప్పి మూడు నెలలకోసారి బెల్ట్ టెస్ట్ పేరుతో వసూలు చేసే చోట్లు ఉంటాయి. ఏడాది డబ్బు ఒకేసారి కట్టొద్దు, మొదటిసారి నెలకే కట్టండి.

స్టెప్ 6: చేరే ముందు రెండు మూడు వారాలు ఇంట్లో సిద్ధం అవ్వండి

రోజు మార్చి రోజు అరగంట చాలు. పది నిమిషాలు చురుగ్గా నడక, తర్వాత బస్కీలు 10 చొప్పున మూడు సార్లు, గోడకో మంచానికో ఆనుకుని పుషప్‌లు 8 చొప్పున మూడు సార్లు, ప్లాంక్ 20 సెకన్లు రెండు సార్లు, మడమలు లేపి దించడం 15, ఒక్కో కాలి మీద 30 సెకన్లు నిలబడటం. స్కిప్పింగ్ మొదలుపెడితే 20 సెకన్లు దూకి 40 సెకన్లు ఆగండి, అలా అయిదారు సార్లు, ఎత్తుకి దూకక్కర్లేదు, తాడు పట్టేంత లేస్తే చాలు. పిక్కలు అలవాటు పడకుండా ఒకేసారి పది నిమిషాలు దూకితే మర్నాడు మెట్లు దిగడం కూడా కష్టమే. పై అంతస్తులో అపార్ట్‌మెంట్ అయితే కింద ఫ్లాట్ ఆంటీ గారి తలుపు తట్టకముందే టెర్రస్ మీదకి వెళ్ళిపోండి.

స్టెప్ 7: సామాను, చేతికి ర్యాప్ కట్టుకోవడం

కరాటే, తైక్వాండో, జూడోకి మొదటి రెండు వారాలు ట్రాక్ ప్యాంట్, టీషర్ట్ చాలు, నిలబడతారని నమ్మకం వచ్చాక యూనిఫాం కొనండి. గోళ్ళు కత్తిరించుకోవాలి, చేతివీ కాలివీ. యూనిఫాం ప్రతి క్లాస్ తర్వాత ఉతకాలి, మ్యాట్ మీద చేసేవాటిలో తామర, గజ్జి త్వరగా అంటుకుంటాయి, ఇంటికి రాగానే సబ్బుతో స్నానం.

బాక్సింగ్ అయితే గ్లవ్స్ కన్నా ముందు కొనాల్సింది ర్యాప్స్, అంటే గ్లవ్స్ లోపల చేతికి చుట్టే గుడ్డ పట్టీలు, ఒక్కోటి నాలుగున్నర మీటర్లది, అంటే 180 ఇంచులది. బ్యాగ్ కొట్టడానికి 12 లేదా 14 ఔన్సుల గ్లవ్స్, ఎదురుగా మనిషి ఉంటే 16. ఎవరో వాడిన గ్లవ్స్‌లో చెయ్యి పెట్టకండి, ఆ వాసన వారం పోదు.

ర్యాప్ కట్టడం ఇలా. వేళ్ళు బాగా చాపి విడదీసి పెట్టండి, ముడిచి కడితే తర్వాత పిడికిలి పట్టదు. చివర ఉన్న లూప్‌ని బొటనవేలికి తగిలించి, గుడ్డని అరచేతి మీదుగా కాకుండా చెయ్యి వెనక వైపు నుంచి మణికట్టుకి తీసుకెళ్ళండి. మణికట్టు చుట్టూ మూడు చుట్లు, ఒకదాని మీద ఇంకోటి కాకుండా కొంచెం కొంచెం జరుపుతూ. అక్కణ్ణుంచి చెయ్యి వెనకగా ఏటవాలుగా పైకి వచ్చి వేళ్ళ కణుపుల మీద మూడు చుట్లు, అసలు దెబ్బ తగిలేది ఇక్కడే కాబట్టి మెత్తగా రావాలి. తర్వాత చిటికెన వేలికీ ఉంగరం వేలికీ మధ్యలోంచి, మళ్ళీ మణికట్టు, మళ్ళీ పక్క వేళ్ళ మధ్యలోంచి, అలా మూడు సందులూ అయ్యాక బొటనవేలికి ఒక చుట్టు, మిగిలిందంతా కణుపులకీ మణికట్టుకీ పంచేసి వెల్‌క్రో అంటించండి. ఇప్పుడు పిడికిలి బిగించి చూడండి, గట్టిగా పట్టినట్టు ఉండాలి, చెయ్యి తెరిస్తే వదులవ్వాలి. వేళ్ళ చివర్లు చల్లబడినా, రంగు మారినా విప్పి మళ్ళీ కట్టండి. మొదటి వారం ఒక్కో చేతికి అయిదు నిమిషాలు పడుతుంది, పర్లేదు.

స్టెప్ 8: వారం టైమ్‌టేబుల్ వేసుకోండి

మొదటి నెల వారానికి రెండే క్లాసులు, మధ్యలో రెండు రోజులైనా గ్యాప్ ఉండేలా. ఉత్సాహం మీద వరసగా అయిదు రోజులు వెళ్ళిన బ్యాచ్‌లో రెండో వారానికి సగం మంది మాయం అవుతారు, అది ఏ క్లాస్‌లోనైనా మామూలే. రెండో నెల నుంచి ఇలా పెట్టుకోవచ్చు: సోమ, బుధ, శుక్రవారాలు క్లాస్, మంగళ, శనివారాలు అరగంట బలం, ఆదివారం గంట నడక, గురువారం ఏమీ లేదు. బలం రోజు జిమ్ ఉంటే రోయింగ్, లాట్ పుల్‌డౌన్, డెడ్‌లిఫ్ట్, స్క్వాట్, ఈ నాలుగూ చాలు, పుషింగ్ వ్యాయామాలు క్లాస్‌లో ఎలాగూ అవుతున్నాయి. జిమ్ లేకపోతే కమ్మీకి వేలాడటం, బ్యాగ్‌లో పుస్తకాలో బియ్యం ప్యాకెట్లో వేసి వంగి నడుం దగ్గరకి లాగడం, బస్కీలు. బరువు రెండు వారాలకోసారి కొంచెం పెంచండి, పెంచకపోతే దాన్ని బలం రోజు అనడం దండగ.

ఎంత గట్టిగా చేస్తున్నారో తెలుసుకోవడానికి వాచ్ లేకపోయినా పర్లేదు. మాట్లాడగలుగుతున్నారు గానీ పాట పాడలేకపోతున్నారంటే మధ్యస్థం. రెండు మూడు మాటలకే ఆగి ఊపిరి తీసుకోవాల్సి వస్తోందంటే గట్టిగా చేస్తున్నట్టు. నాడి చూసుకోవాలంటే రౌండ్ ఆపగానే మణికట్టు దగ్గర 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. 220 లోంచి వయసు తీసేస్తే గరిష్ఠం సుమారుగా వస్తుంది, 40 ఏళ్ళవాళ్ళకి 180, అందులో 70 నుంచి 85 శాతం అంటే 126 నుంచి 153 మధ్య గట్టి ఎక్సర్‌సైజ్. బీపీకి గుండె వేగం తగ్గించే మాత్రలు వేసుకునేవాళ్ళకి ఈ నంబర్లు పనికిరావు, వాళ్ళు మాట టెస్టే చూసుకోవాలి.

క్లాస్ మిస్ అయిన రోజు ఇంట్లో నాలుగు రౌండ్లు చెయ్యండి, 3 నిమిషాలు పని, 1 నిమిషం నీళ్ళు. మొదటి రౌండ్ ఊరికే అడుగులు, ముందుకి వెనక్కి పక్కలకి, చేతులు చెంపల దగ్గరే. రెండోది ఎడమ చేతి జాబ్ (ముందు చేత్తో నేరుగా వేసే పంచ్) ఒక్కటే, ప్రతి పంచ్‌కి ముక్కుతో "ఫ్స్" అని గాలి వదలాలి, వదలకపోతే రెండో నిమిషానికే దమ్ము అయిపోతుంది. మూడోది జాబ్ తర్వాత కుడి చేయి, కుడి మడమ నేల మీద తిరగాలి, బలం అక్కణ్ణుంచి నడుంలోకి, నడుం నుంచి భుజంలోకి వస్తుంది, ఒట్టి చెయ్యి విసిరితే భుజం నొప్పి తప్ప ఏమీ రాదు. నాలుగోది ఎడమకి కుడి, కుడికి ఎడమ మార్చి నిలబడి అదే మళ్ళీ. ఇది వికారంగా ఉంటుంది, అయినా చెయ్యండి, ఒకే వైపు నిలబడి నెలల తరబడి చేస్తే ఒక తుంటి బిగుసుకుపోతుంది.

స్టెప్ 9: తిండి, నీళ్ళు

క్లాస్‌కి రెండు గంటల ముందు రెండు ఇడ్లీలో, అరటిపండు, గుప్పెడు వేరుశెనగలో సరిపోతాయి. పొట్ట నిండా అన్నం తిని వెళ్తే కిక్ లేవదు. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండలకి రేకుల షెడ్‌లో సాయంత్రం 5 గంటల బ్యాచ్ వద్దు, పొద్దున 6 గంటలకో రాత్రి 7 తర్వాతో మారిపోండి, పల్చటి మజ్జిగలో ఉప్పేసి పట్టుకెళ్ళండి. కళ్ళు తిరగడం, వాంతి వచ్చేలా ఉండటం, ఛాతీలో బరువు, వీటిలో ఏది వచ్చినా మాస్టర్ గారి పర్మిషన్ కోసం చూడకుండా కూర్చోండి. ఛాతీ బరువు తగ్గకపోయినా, ఎడమ చెయ్యో దవడో లాగుతున్నా నేరుగా హాస్పిటల్‌కి.

స్టెప్ 10: స్పారింగ్ విషయంలో మొహమాటం వద్దు

ఎక్సర్‌సైజ్ కోసం వచ్చిన మనిషికి తల మీద దెబ్బలు తినాల్సిన అవసరం అస్సలు లేదు. హెల్మెట్ ఉంది కదా అంటారు, అది చర్మం చిట్లకుండా ఆపుతుంది గానీ లోపల మెదడు కదలడాన్ని ఆపలేదు. "నేను బాడీ వరకే, తల వద్దు" అని ముందే చెప్పేసెయ్యండి, చెప్పినందుకు నవ్వే చోట ఉండకండి. అయితే స్పారింగ్ పూర్తిగా మానేస్తే కూడా ఒక నష్టం ఉంది, దమ్ము అసలు పరీక్ష అక్కడే. మధ్యే మార్గంగా ప్యాడ్ వర్క్ అడగండి, ఒకరు ప్యాడ్ పట్టుకుంటే ఇంకొకరు కొట్టడం, లేదా భుజం, మోకాలు తాకడం మాత్రమే ఉండే టచ్ ఆట. నవ్వుకుంటూనే రెండు నిమిషాల్లో ఒగర్చేస్తారు. మౌత్‌గార్డ్ మాత్రం తేలిక ఆటకి కూడా పెట్టుకోండి, పన్ను విరిగితే అయ్యే ఖర్చు ముందు అదెంత.

స్టెప్ 11: రెండు నెలలకి ఒకసారి చెక్ చేసుకోండి

బరువు మిషన్ ఒక్కటే చూడొద్దు, తిండి మారకపోతే అది కదలదు. మొదలుపెట్టే రోజు నాలుగు రాసి పెట్టుకోండి: పొద్దున నిద్ర లేవగానే నాడి ఎంత, బొడ్డు దగ్గర నడుం చుట్టుకొలత, కళ్ళు మూసుకుని ఒంటికాలి మీద ఎన్ని సెకన్లు, ఆగకుండా ఎన్ని పుషప్‌లు. రెండు నెలలకి మళ్ళీ అవే చూడండి. నాడి తగ్గి, బ్యాలెన్స్ పెరిగి, పుషప్‌లు మాత్రం అక్కడే ఉంటే మీరు బలం రోజులు ఎగ్గొడుతున్నారని అర్థం. పుషప్‌లు పెరిగి నాడి, నడుం అలాగే ఉంటే క్లాస్‌లో కదిలే నిమిషాలు తక్కువైనట్టు, ఇంకోసారి స్టాప్‌వాచ్ తియ్యండి, ఈసారి ఫ్రెండ్‌ని పక్కన కూర్చోబెట్టి మీ మీదే పెట్టించండి. 15 దగ్గరే ఉంటే మాస్టర్ గారితో నేరుగా మాట్లాడండి, లైన్‌లో వంతు కోసం ఆగేటప్పుడు వెనక బస్కీలో స్కిప్పింగో చేసుకోవచ్చా అని, చాలామంది సరే అంటారు, కొంతమంది మిగతా వాళ్ళందరి చేతా కూడా చేయిస్తారు. కుదరదంటే విద్య కోసం అక్కడ వారానికి ఒకటి రెండు రోజులు ఉంచుకుని మిగతా రోజులు జాగింగ్‌కి మార్చెయ్యండి. మోకాలో భుజమో నొప్పి రెండు వారాలు దాటి ఉంటే ఈ లెక్కలన్నీ పక్కన పెట్టి ముందు ఫిజియోథెరపిస్ట్‌కి చూపించుకోండి, అప్పటిదాకా ఫీజు పోతుందని మాత్రం క్లాస్‌కి వెళ్ళకండి.